మొక్కలకి ఆలోచన ఉంటదా? తెలిసినోళ్ళు కాస్త చెప్పండబ్బా

మాది కావలి పక్కన పల్లెటూరు. కయ్య గెనాల మీద అత్తిపత్తి బాగా ఉంటది, మా పాప దాన్ని ముట్టుకోగానే ఆకులు జతలు జతలుగా ముడుచుకుని కాడ కూడా కిందికి వాలిపోయేసరికి "నాన్నా, దానికి భయమేసిందా" అని అడిగింది. అప్పట్నుంచీ దీని గురించే చదవతా ఉన్నా. 2014లో మోనికా గాగ్లియానో అనే సైంటిస్టు వాళ్ళు అత్తిపత్తి కుండీల్ని మళ్ళీ మళ్ళీ కొంచెం ఎత్తు నించి జారవిడిస్తే కాసేపటికి ముడుచుకోవడం మానేసిందంట, నెల తర్వాత కూడా అది మర్చిపోలేదంట. మొక్క అలిసిపోయి మానేసుంటదిలే అనేవాళ్ళూ ఉన్నారు. నాకు ఇంకా విచిత్రంగా అనిపించింది వీనస్ ఫ్లైట్రాప్ అని పురుగుల్ని పట్టి తినే మొక్క, దాని ఆకు లోపలి నూగుకి పురుగు ఒకసారి తగిల్తే ఊరుకుంటది, దాదాపు 20 సెకన్ల లోపల రెండోసారి తగిల్తేనే టక్కున మూసుకుంటది. మెదడు లేదు, నరాలు లేవు, మరి మొదటిసారి తగిలింది ఎట్ట గుర్తుంటది? కణాల్లో కాల్షియం పెరగడం వల్ల అంటున్నారు, సరే, మన బుర్రలో జరిగేది కూడా ఇట్టాంటి రసాయనాలే కదా.

నా డౌటేందంటే, గుర్తుపెట్టుకుని దాన్నిబట్టి నడుచుకుంటే ఆలోచన అనడానికి అది సరిపోద్దా, లేక ఆలోచిస్తున్నా అని తనకి తెలియాలా? తెలియాలంటే మరి నెలల బిడ్డ సంగతేంది? బోటనీ వాళ్ళు, ఫిలాసఫీ చదివినోళ్ళు ఎవరన్నా ఉంటే గీత ఎక్కడ గీస్తారో, ఎందుకు అక్కడే గీస్తారో చెప్పండి ప్లీజ్.