దవడ పన్ను పీకించేయాలా, అప్పు చేసైనా నిలుపుకోవాలా?

వాసు, మియాపూర్:
మిత్రులారా, ఎడమవైపు కింది దవడ పన్ను పుచ్చి, పుచ్చు నరం దాకా వెళ్లింది. పడుకుంటే సలుపు ఎక్కువవుతోంది, లేచి కూర్చుంటే కాస్త నయం. దగ్గరలోని క్లినిక్‌లో ఎక్స్‌రే తీసి రూట్ కెనాల్‌కు, అంటే నరం తీసి శుభ్రం చేయడానికి 5,500, పన్ను మీద తొడిగే జిర్కోనియా (తెల్లటి పింగాణీ లాంటిది) క్యాప్‌కు 9,000 అన్నారు. పీకడానికైతే 800 చాలట. పాత కంపెనీ డిసెంబరు ఆఖరులో మూతపడింది. కొత్త ఉద్యోగంలో ఇంకా ప్రొబేషన్‌లోనే ఉన్నాను, జీతం 24,000. అద్దె 9,000. జూన్‌లో ఇద్దరు పిల్లల బడి ఫీజులు కట్టాలి. క్రెడిట్ కార్డు మీద వాయిదాలు పెట్టుకోవచ్చని క్లినిక్ వాళ్లు చెబుతున్నారు. మీరైతే ఏం చేస్తారు?

చిట్టిబాబు, సిద్దిపేట:
పీకించుకో తమ్ముడూ, ఆలోచించకు. నాకూ ఇదే పన్ను, ఇదే మాట. నరం తీశారు, క్యాప్ వేశారు, జీవితాంతం ఉంటుందన్నారు. ఏడాది తిరక్కముందే పన్ను నిలువునా చీలింది. అదే క్లినిక్‌కు వెళితే ఇక పీకడం తప్ప దారి లేదన్నారు, దానికీ డబ్బు తీసుకున్నారు. అప్పటికి కార్డు బాకీ సగం కూడా తీరలేదు. కనీస మొత్తం మాత్రమే కడుతూ పోతే మిగతా బాకీకి నెలకు మూడు శాతం పైనే వడ్డీ పడుతుంది. రెండుసార్లు వాయిదా తప్పాను, బ్యాంకు వాళ్లు మా బావమరిదికి కూడా ఫోను చేశారు. ఆ అవమానం నీకు వద్దు.

లెక్కల మాస్టారు:
వాసూ, పాత ఉద్యోగంలో జీతం ఎంత? ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కోత ఉండేదా?

తెనాలి దంతవైద్యురాలు:
వాసు గారూ, తొందరపడి పీకించుకోకండి. ఆరేళ్ల వయసులో వచ్చే మొదటి పెద్ద దవడ పన్నే అయి ఉంటుంది, నమలడంలో ఎక్కువ భారం మోసేది అదే. అది పోతే వెనక పన్ను ఖాళీలోకి వాలుతుంది, పైదవడలో ఎదురుగా ఉన్న పన్ను కిందికి దిగుతుంది. పన్ను లేని చోట ఎముక క్రమంగా అరిగిపోతుంది. ఆ ఖాళీ పూడ్చాలంటే బ్రిడ్జి (పక్క పళ్ల మీద ఆనించే కట్టుడు పన్ను) కట్టాలి, అందుకు అటూ ఇటూ ఉన్న మంచి పళ్లను అరగదీయాలి. లేదంటే ఎముకలో టైటానియం మర దింపి ఇంప్లాంట్ పెట్టాలి. ఏది చేయించుకున్నా ఖర్చు తక్కువేమీ కాదు. 800తో పని అయిపోయిందనుకుంటారు గానీ ఖర్చు అక్కడే మొదలవుతుంది.

క్యాప్ జిర్కోనియానే కానక్కరలేదు. వెనక పన్ను ఎవరికీ కనబడదు, లోహపు క్యాప్ చాలా తక్కువలో వస్తుంది, గట్టిగానూ ఉంటుంది. ఆ సంగతి మీ క్లినిక్‌లో అడగండి.

చిట్టిబాబు, సిద్దిపేట:
డాక్టరుగారూ, మీరు చెప్పేదంతా పుస్తకంలో నిజమే. నా పన్ను ఎందుకు చీలిందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

తెనాలి దంతవైద్యురాలు:
నరం తీశాక క్యాప్ ఎన్నాళ్లకు వేయించుకున్నారు?

చిట్టిబాబు, సిద్దిపేట:
ఆరేడు నెలలు పట్టింది. నరం తీయించడానికే ఉన్నదంతా పోయింది, క్యాప్‌కు డబ్బు కూడాలి కదా.

తెనాలి దంతవైద్యురాలు:
కారణం అక్కడే ఉంది. పుచ్చు తవ్వి, నరం తీయడానికి పైనుంచి దారి చేశాక దవడ పన్నులో పలుచటి గోడలే మిగులుతాయి. క్యాప్ లేకుండా దాని మీదే నమిలితే చీలిక పడుతుంది. ఆ చీలిక మీద తర్వాత ఎంత మంచి క్యాప్ వేసినా నిలవదు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎంతోమంది నొప్పి పోగానే మాయమవుతారు. పన్ను విరిగాక వచ్చి నా మీద అరుస్తారు. అయిదేళ్లు బీడీఎస్ చదివి, క్లినిక్ పెట్టడానికి చేసిన అప్పు ఇంకా తీరుస్తున్నాను. చేసిన పనికి సగం డబ్బు చేతిలో పెట్టి, మిగతాది మోసమన్నట్టు చూస్తే ఎలా ఉంటుందో మీకు తెలియదు. ఫోను వాయిదాల మీద కొనేటప్పుడు ఇన్ని ప్రశ్నలు ఎవరూ అడగరు.

చిట్టిబాబు, సిద్దిపేట:
అంటే తప్పు నాదంటారు! క్యాప్ ఆలస్యమైతే పన్ను చీలుతుందని ఆరోజు ఆ క్లినిక్‌లో ఎవరైనా చెప్పారా? మొదట చెప్పింది నరానికి ధర ఒక్కటే. కుర్చీలో కూర్చుని, నోరు మొద్దుబారాక క్యాప్ సంగతి ఎత్తారు. ముందే రెండూ కలిపి చెప్పి ఉంటే నేను ఆ కుర్చీ ఎక్కేవాణ్నే కాదు. నా ఫోను గురించి మీకెందుకు? ఆ ఫోను లేకపోతే నాకు పని చెప్పేవాడు ఉండడు, నేను ఏసీలు బాగుచేసేవాణ్ని.

కడప ప్రసాద్:
వాసు గారూ, అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత కళాశాల ఉంది. మా ఊళ్లోనూ ఉంది, విజయవాడలోనూ ఉంది. అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు చేస్తారు, ఖర్చు నామమాత్రం. మియాపూర్ నుంచి మెట్రోలో ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషన్‌లో దిగండి.

వాసు, మియాపూర్:
ప్రసాద్ గారూ, ఆ ఆలోచన వచ్చింది. కానీ అక్కడ ఓపీ ఉదయమే, పైగా పని ఒక్కరోజులో తేలదు. ప్రొబేషన్‌లో సెలవు పెడితే ఆ రోజు జీతం కోత. నాలుగుసార్లు తిరిగితే మూడు వేలకు పైనే పోతాయి. సెలవులు చూసి ఉద్యోగం ఖాయం చేయకపోతే ఇంకా కష్టం. మాస్టారూ, పాత జీతం 19,500, ఈఎస్ఐ కోసేవారు. కొత్త చోట లేదు.

లెక్కల మాస్టారు:
ఈఎస్ఐ పరిమితి నెలకు 21,000, కాబట్టి కొత్త చోట లేకపోవడం సరే. పాతదాని సంగతి చూడాలి. నిరుడు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఎన్ని రోజులకు చందా పడిందో చెప్పు.

చిట్టిబాబు, సిద్దిపేట:
మాస్టారూ, మానేసిన ఉద్యోగం ఈఎస్ఐ ఇప్పుడెందుకు? తమ్ముడూ, మూడు వేల జీతం పోగొట్టుకుని ఉచిత వైద్యానికి వెళ్లడం కంటే 800 ఇచ్చి ఒక్క సాయంత్రంలో పని ముగించుకో. మర్నాడు ఉద్యోగానికి వెళ్లు.

సుజాత, రావులపాలెం:
చిట్టిబాబు గారూ, ఒక్కటి అడుగుతాను. ఈ పన్ను మీ అమ్మాయిదైతే పీకించేస్తారా?

చిట్టిబాబు, సిద్దిపేట:
మా అమ్మాయిదైతే ఎందుకు పీకిస్తాను? అప్పు చేసైనా బాగుచేయిస్తాను.

సుజాత, రావులపాలెం:
మరి వాసు గారి పన్ను ఎందుకు పీకించాలి? పై నుంచీ పన్ను గురించి, క్యాప్ గురించి మాట్లాడుతున్నారు గానీ మీ మనసులో ఉన్నది వేరు. ఇంట్లో సంపాదించేవాడి ఒంటికి ఖర్చు పెట్టకూడదని మీ లెక్క.

చిట్టిబాబు, సిద్దిపేట:
అవును, అదే నా లెక్క. ఒక్క జీతం మీద ఇల్లంతా నడుస్తున్నప్పుడు ఆ జీతం తెచ్చేవాడు తన నోటికి 14,500 పెట్టుకోవడం నాకు సమ్మతం కాదు. జూన్‌లో బడిలో ఫీజు కట్టని పిల్లల పేర్లు తరగతిలో చదువుతారు. ఆ పిల్లవాడి ముఖం చూసిన తండ్రి పన్ను గురించి ఆలోచించడు. మా నాన్న ఇలాగే బతికాడు, నేనూ ఇలాగే బతుకుతాను. ఇందులో తప్పేముంది?

సుజాత, రావులపాలెం:
మా నాన్న కూడా అలాగే బతికారండి. లారీ డ్రైవరు. పన్ను నొప్పి పుట్టినప్పుడల్లా ఏ ఊళ్లో ఉంటే ఆ ఊళ్లో పీకించుకుని బండి ఎక్కేవారు. యాభై దాటేసరికి నమలడానికి దవడ పళ్లు లేవు. ఆ తర్వాత షుగరు వచ్చింది. కూరగాయలు తినమని, జొన్నరొట్టె తినమని డాక్టరు చెప్పేవారు. వేటితో నమలాలి? మెత్తగా కలిపిన మజ్జిగన్నం తప్ప మరేదీ దిగేది కాదు, దానితో షుగరు పెరిగేది. కట్టుడు పళ్లు పెట్టిద్దామంటే కింది దవడ ఎముక అరిగిపోయి సెట్టు నిలిచేది కాదు, మాట్లాడుతుంటే లేచివచ్చేది. పెళ్లిళ్లకు వెళ్లి అక్షతలు వేసి, పంక్తిలో కూర్చోకుండా వచ్చేసేవారు. ఆయన మా కోసం మిగిల్చిన డబ్బు ఆయన మందులకే సరిపోలేదు. ఆయన చేసింది త్యాగమే, కాదనను. కానీ ఆ త్యాగం మాకు అక్కరలేదని చెప్పే వయసు అప్పుడు నాకు లేదు. వాసు గారి పిల్లలకూ ఇప్పుడు లేదు.

చిట్టిబాబు, సిద్దిపేట:
మీ నాన్నగారి మీద నాకు గౌరవమే ఉంది. ఆయన పీకించుకోకపోతే మీ చదువు ఆగేదేమో, అది కూడా ఆలోచించండి.

సుజాత, రావులపాలెం:
ఆలోచించాను. దానికి నా దగ్గర జవాబు లేదు.

తెనాలి దంతవైద్యురాలు:
వాసు గారూ, ఏ నిర్ణయమైనా తీసుకోండి గానీ నొప్పి మాత్రలతో నెలలు నెట్టకండి. దవడ కింద వాపు వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, జ్వరం వచ్చినా, మింగడం కష్టమైనా ఆరోజే పెద్దాసుపత్రికి వెళ్లండి, చీము మెడలోకి దిగితే ప్రాణం మీదికి వస్తుంది. చేతిలో డబ్బు లేకపోతే ముందు నరం శుభ్రం చేయించి తాత్కాలికంగా మూయించుకోండి, సలుపు పోతుంది. మిగతా పని వెంటనే ముగించాలి. మొత్తం ఎంతవుతుందో క్యాప్‌తో కలిపి కాగితం మీద రాయించుకుని కుర్చీ ఎక్కండి. చిట్టిబాబు గారు అడిగినదాంట్లో ఆ మాట న్యాయమైనదే.

వాసు, మియాపూర్:
మాస్టారూ, పాత జీతం చీటీలు తీశాను. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒక్క నెల తప్పకుండా చందా పడింది.

లెక్కల మాస్టారు:
నేను మొదటి నుంచీ అడుగుతున్నది ఇదే, ఎవరూ వినిపించుకోలేదు. ఆ ఆరు నెలల్లో 78 రోజులకు తగ్గకుండా చందా పడితే, దానికి ప్రతిగా జనవరి నుంచి జూన్ ఆఖరు వరకు వైద్యం పొందవచ్చు, ఉద్యోగం మానేసినా సరే. నీ జీతంలోంచి 0.75 శాతం, యజమాని 3.25 శాతం కట్టిన డబ్బు అది. నీ ఐపీ నంబరుతో (ఈఎస్ఐ బీమా నంబరు) ఈఎస్ఐ డిస్పెన్సరీకి వెళ్లి అర్హత ఎంతవరకు చూపిస్తోందో అడుగు, సనత్‌నగర్ ఆసుపత్రికి చీటీ రాయించుకో. మియాపూర్ నుంచి మెట్రో ఎక్కితే ఈఎస్ఐ హాస్పిటల్ అనే స్టేషనే ఉంది. జూన్ దాటాక అర్హత ఉంటుందో లేదో కూడా అక్కడే కనుక్కో.

వాసు, మియాపూర్:
నంబరు ఉంది. శనివారం సగం పూటే పని, డిస్పెన్సరీకి వెళ్లి అడుగుతాను.

చిట్టిబాబు, సిద్దిపేట:
వెళ్లు తమ్ముడూ. అక్కడ కాకపోతే మాత్రం కార్డు జోలికి పోకు, పీకించుకో. నా మాట మారదు.

తెనాలి దంతవైద్యురాలు:
చిట్టిబాబు గారూ, మీ పన్ను పీకిన చోట వెనక పన్ను ఎలా ఉంది?

చిట్టిబాబు, సిద్దిపేట:
వాలింది. సందులో మెతుకులు ఇరుక్కుని అదీ పుచ్చుతోంది.

తెనాలి దంతవైద్యురాలు:
అయితే ఇంకా మొదట్లోనే ఉండవచ్చు, నరం దాకా వెళ్లకముందే సిమెంటుతో పూడిస్తే సరిపోతుంది. ఇటువైపు వచ్చినప్పుడు చూపించండి, డబ్బు సంగతి తర్వాత చూద్దాం.

చిట్టిబాబు, సిద్దిపేట:
డబ్బు సంగతి ముందే చెప్పండి డాక్టరుగారూ. చెబితే వస్తాను.