నీటి చుక్కా, స్లైడూ ఒకే ప్రొజెక్షన్ పెట్టెలో చూపించాలి: మధ్యలో వెలుగు, అంచులు చీకటి, ఎక్కడ సర్దాలి?

కావలి_బెంచి

ఆప్టిక్స్ తెలిసిన మాస్టార్లందరికీ నమస్కారం. కావలి దగ్గర హైస్కూలు ల్యాబులో ప్రొజెక్షన్ పెట్టె ఒకటి తయారవుతోంది. దాంతో మూడు పనులు జరగాలి. పాత 35 మి.మీ. స్లైడ్లు, ఉల్లిపొర లాంటి సన్నటి నమూనాలు చూపించాలి. నీళ్ళలో ఈదే ఆర్టీమియా (రొయ్యపిల్లలకి మేతగా వేసే చిన్న ఉప్పునీటి జీవి) పిల్లల్ని కూడా చూపించాలి, ఇది పిల్లలకే కాదు, రొయ్యల చెరువుల రైతులకి కూడా. తెర ఒక గదిలో రెండున్నర మీటర్ల దూరంలో ఉంటుంది, ఇంకో గదిలో 4 మీటర్లు.

ఇప్పుడున్న అమరిక: 12 వోల్టుల బ్యాటరీ మీద 20 వాట్ల గుండ్రటి సీఓబీ (ఒకే పలక మీద చాలా చిప్పులుండే) ఎల్‌ఈడీ, దానికి ఆనించి పాలరంగు యాక్రిలిక్ ముక్క, 3 సెం.మీ. ఇవతల స్లైడు, ఆ తర్వాత 15 సెం.మీ. నాభ్యాంతరం, 50 మి.మీ. వ్యాసం ఉన్న ల్యాబు లెన్సు. లెన్సు ఒక పీవీసీ పైపులో ఉంది, ఆ పైపు ఇంకో పైపులో ముందుకీ వెనక్కీ జరుగుతుంది.

ఇబ్బందులు: స్లైడు మధ్యలో బొమ్మ బాగుంది, నాలుగు మూలలూ నల్లగా ఉండాయి. యాక్రిలిక్ తీసేస్తే ఎల్‌ఈడీ చుక్కలు తెర మీద పడుతున్నాయి. ఫోకస్ కుదిరిందని చెయ్యి తీస్తే పైపు జారి మళ్ళీ చెదురుతోంది. పెట్టె ముందు భాగం ఎత్తితే బొమ్మ పైన వెడల్పు, కింద ఇరుకు. బొమ్మ అంచుల్లో నీలం, ఎరుపు గీతలు.

లెన్సు మార్చినప్పుడల్లా మొత్తం విప్పకుండా సర్దుకునే పద్ధతి కావాలి. ఒక విద్యార్థి పేరు మీద దీన్ని బడిపిల్లల కొత్త ఆలోచనలకి కేంద్రం నడిపే ఇన్‌స్పైర్ మానక్‌కి పంపొచ్చా అన్నది కూడా చెప్పండి.

ఒంగోలు_లాంతరు

ముందు మూలల చీకటి సంగతి. మిగతా వాటిలో సగం దాంతోనే తీరతాయి.

ప్రొజెక్టరులో రెండు బొమ్మలు ఏర్పడాలి. స్లైడు బొమ్మ తెర మీద పడాలి, దీపం బొమ్మ లెన్సు మీద పడాలి. మీ పెట్టెలో రెండోది లేదు. స్లైడు అంచు గుండా లెన్సుకి చేరాల్సిన కిరణాలు, వెనక్కి గీసి చూస్తే, దీపం మధ్య నుంచి 17 మి.మీ. పక్కన మొదలవ్వాలి. మీ సీఓబీ వెలుగు 10, 12 మి.మీ. దగ్గరే అయిపోతుంది. అంచుకి పంపడానికి అక్కడ దీపమే లేదు, అందుకే చీకటి. పాలరంగు ముక్క దీన్ని సరిచెయ్యదు, ఉన్న వెలుగుని పెట్టె గోడలకి పంచుతుంది, అంతే. తీసెయ్యండి.

కావాల్సింది కండెన్సరు, అంటే దీపం వెలుగుని పోగుచేసి స్లైడు గుండా లెన్సుకి పంపే లెన్సుల జత. 50 మి.మీ. వ్యాసం, 10 సెం.మీ. నాభ్యాంతరం ఉన్న లెన్సులు రెండు తీసుకుని, మధ్యలో ఒకటి రెండు మి.మీ. సందుతో పక్కపక్కన నిలబెట్టండి. ఒకవైపు బల్లపరుపుగా ఉండే రకమైతే ఉబ్బు వైపులు ఎదురెదురుగా రావాలి. రెండూ కలిసి 5 సెం.మీ. లెన్సుగా పనిచేస్తాయి. 35 మి.మీ. స్లైడు మూల నుంచి మూలకి 43 మి.మీ., కాబట్టి 50 వ్యాసం చాలు, 40 చాలదు.

20 వాట్ల సీఓబీ కూడా మార్చండి. ఇక్కడ వాట్ల కంటే దీపం చిన్నదిగా ఉండటం ముఖ్యం. 10 వాట్ల చదరపు ఎల్‌ఈడీ, అదే 9 చిప్పులు మూడు మూడు వరసలుగా ఉండేది, వెలిగే భాగం సుమారు 10 మి.మీ. ఉంటుంది. దాన్ని కండెన్సరుకి 6.9 సెం.మీ. వెనక పెడితే దాని బొమ్మ 18 సెం.మీ. ముందు, 26 మి.మీ. సైజులో పడుతుంది. లెన్సు సరిగ్గా అక్కడ ఉండాలి.

సరిచూసే పద్ధతి: స్లైడు తీసేసి, లెన్సు ముఖానికి తెల్ల కాగితం ఆనించండి. కాగితం మీద పాత రూపాయి బిళ్ళంత చదరం, అందులో తొమ్మిది పసుపు చుక్కలు గీత గీసినట్టు కనపడాలి. అవి చెదిరి ఉంటే ఎల్‌ఈడీని మి.మీ. మి.మీ. జరపండి. చదరం ఒక పక్కకి పడితే ఎల్‌ఈడీ ఎత్తు తేడా ఉన్నట్టు. ఆ చుక్కలు కాగితం మీద ఎంత తేటగా ఉంటే తెర మీద అంత మాయమవుతాయి. ఇప్పుడు మీ తెర మీద చుక్కలు పడటానికి కారణం దీపం బొమ్మ లెన్సు దగ్గర కాకుండా వేరేచోట ఏర్పడటమే.

ఇక సర్దుబాటు. దీపం, కండెన్సరు, లెన్సు గూడు, ఈ మూడూ స్క్రూలతో బిగించెయ్యండి. కదలాల్సింది స్లైడు పెట్టే బల్ల ఒక్కటే. లెన్సు ఏది పెట్టినా అదే గూట్లో, అదే 18 సెం.మీ. దగ్గర. రెండున్నర మీటర్ల తెరకి 15 సెం.మీ. లెన్సు అయితే బల్ల లెన్సుకి 15.96 సెం.మీ. వెనక, అంటే కండెన్సరుకి 2 సెం.మీ. ముందు ఉంటుంది. 10 సెం.మీ. లెన్సుకి 10.42. 5 సెం.మీ. లెన్సుకి 5.10. కండెన్సరు నుంచి వచ్చే కాంతి లెన్సు వైపు సన్నబడుతూ వస్తుంది కాబట్టి, చిన్న నమూనా లెన్సుకి దగ్గరగా జరిగినకొద్దీ వెలుగు దాని మీద దట్టంగానే పడుతుంది. దీపాన్ని ముట్టుకునే పని లేదు. ఒక్క మాట, 10 సెం.మీ. లెన్సు స్థానంలో కాంతి వ్యాసం 40 మి.మీ.కి తగ్గుతుంది, 35 మి.మీ. స్లైడు మూలలు కాస్త తెగుతాయి. స్లైడ్లకి 15 లెన్సే వాడండి.

వెలుగు లెక్క కూడా చూసుకోండి. ఎల్‌ఈడీ 800 ల్యూమెన్లు (మొత్తం వెలుగుకి కొలత) ఇస్తుందనుకుంటే కండెన్సరు పట్టుకునేది అందులో 12 శాతం లోపే. స్లైడు నలుచదరం అందులో 44 శాతం వాడుకుంటుంది. పూత లేని గాజు ప్రతి ముఖం దగ్గరా 4 శాతం వెనక్కి పోతుంది, మూడు లెన్సులకి ఆరు ముఖాలు. చివరికి తెరకి చేరేది సుమారు 30 ల్యూమెన్లు. రెండున్నర మీటర్ల దగ్గర బొమ్మ 56 × 38 సెం.మీ., 145 లక్సు (చదరపు మీటరు మీద పడే ల్యూమెన్లు) దాకా వస్తుంది. 4 మీటర్ల దగ్గర 92 × 62 సెం.మీ., 55 లక్సు. కిటికీలు తెరిచిన గదిలో గోడ మీద పడే పగటి వెలుగు ఇంతకంటే ఎక్కువే. నల్లగుడ్డ కట్టాల్సిందే, పెద్ద దీపం కొని లాభం లేదు.

పెన్నా_గట్టు

పై లెక్క సరిగ్గా ఉంది. కొయ్య, ఇనుము పని వరకు నేను చెప్తా.

పైపులో పైపు పెట్టబాకండి. 15 సెం.మీ. లెన్సుతో తెర రెండున్నర నుంచి 4 మీటర్లకి పోతే బల్ల కదలాల్సింది 3.7 మి.మీ. మాత్రమే. 5 సెం.మీ. లెన్సుతో 0.4 మి.మీ. చేత్తో తోసి అంత సన్నంగా ఆపలేరు. ఎమ్6 (6 మి.మీ. వ్యాసం) మరరాడ్డు వాడండి. దాని మర అడుగు 1 మి.మీ., ఒక చుట్టు తిప్పితే బల్ల ఒక మి.మీ. కదులుతుంది. పెద్ద జరుగుబాటుకి వేరే దారి చెయ్యాలి: అల్యూమినియం కిటికీల షాపులో దొరికే స్లైడింగ్ ట్రాక్ ముక్క 40 సెం.మీ., దాని మీద ప్లైవుడ్ బండి, బండిని మూడు గుర్తుల దగ్గర రెక్కనట్టుతో బిగించే ఏర్పాటు. ఆ బండి పైన చిన్న బల్ల, దాన్ని నడిపేది ఎమ్6 రాడ్డు. మర సందువల్ల ముందుకీ వెనక్కీ తిప్పినప్పుడు కాస్త ఖాళీ తిరుగుతుంది, బల్లకీ బండికీ మధ్య ఒక స్ప్రింగు లాగి కడితే ఆ ఆట పోతుంది. డ్రాయర్ ఛానెల్‌తో చేద్దామనుకుంటారు చాలామంది. అది పక్కలకి ఊగుతుంది, వద్దు. రాడ్డు స్టెయిన్‌లెస్ తీసుకోండి. మన సముద్రపు గాలికి జింకు పూత నిలవదు, మర పట్టేస్తుంది.

పైన వెడల్పు, కింద ఇరుకు అన్నారు. పెట్టె తల ఎత్తినంతకాలం అది తప్పదు. పెట్టెని నేలకి సమంగానే ఉంచి లెన్సు ఒక్కదాన్నే పైకి జరపండి. లెన్సు 5 మి.మీ. లేస్తే రెండున్నర మీటర్ల దగ్గర బొమ్మ 83 మి.మీ. లేస్తుంది, ఆకారం చెదరదు. లెన్సు పలకకి గుండ్రటి రంధ్రాల బదులు నిలువు గాళ్ళు కోస్తే చాలు. 50 మి.మీ. లెన్సులో 26 మి.మీ. దీపం బొమ్మ ఉంది కాబట్టి 12 మి.మీ. దాకా జరగొచ్చు, బొమ్మ 20 సెం.మీ. లేస్తుంది. ఇంకా కావాలంటే బల్ల కింద ఇటుకలే.

ఎల్‌ఈడీకి: 10 వాట్ల రకం సుమారు 10 వోల్టుల మీద నడుస్తుంది. నిండా ఛార్జయితే 12.6 వోల్టులుండే మీ బ్యాటరీకి నేరుగా తగిలించబాకండి. వరసలో 3.3 ఓముల, 5 వాట్ల రెసిస్టరు పెడితే 0.8 ఆంపియర్లు పారుతుంది. ఛార్జింగులో ఉన్న బ్యాటరీ మీద వాడితే కరెంటు 1.1 దాటుతుంది, కాబట్టి ఛార్జరు పీకి వాడండి. పాత కంప్యూటరు ప్రాసెసరు మీది హీట్‌సింకు, థర్మల్ పేస్టు, నాలుగు స్క్రూలు. ఫెవిక్విక్‌తో అతికిస్తే వేడి దిగదు, వెలుగు నెలల్లో మసకబారుతుంది. పెట్టె లోపలంతా బ్లాక్‌బోర్డు పెయింటు.

కావలి_బెంచి

పసుపు చుక్కల పరీక్ష కుదిరింది. ఎల్‌ఈడీ 6.9 దగ్గర కాదు, 7.1 దగ్గర తేటపడింది. మూలలు తెరుచుకున్నాయి.

రంగు గీతలు మాత్రం పోలేదు. లెన్సు మీద 28 మి.మీ. రంధ్రం ఉన్న నల్ల అట్ట పెడితే బాగా తగ్గాయి, కానీ లెన్సు పైకి జరిపితే తెర కింది సగం నల్లబడుతోంది. ఆర్టీమియాకి గడియారాల లూపు (రిపేరు చేసేవాళ్ళు కంటికి పెట్టుకునే భూతద్దం) ఒకటి ఉంది, 5 రెట్లది. నీళ్ళు 3 మి.మీ. సందులో పోస్తే ఒక్క పురుగు తేటగా, మిగతావన్నీ మబ్బుగా ఉండాయి.

ఒంగోలు_లాంతరు

అట్టకీ జరుపుకీ పొత్తు కుదరదు. అట్ట లెన్సుతో పాటే లేస్తుంది, దీపం బొమ్మ మాత్రం ఉన్నచోటే ఉంటుంది. 28 లోంచి 26 తీస్తే అటూ ఇటూ మిగిలేది ఒక్కో మి.మీ. మాత్రమే. స్లైడు తేటగా కావాల్సినప్పుడు అట్ట పెట్టి పెట్టెని ఇటుకల మీద ఎత్తండి, తెర పైకి కావాల్సినప్పుడు అట్ట తీసేసి జరపండి. రంగు గీతలు ఒంటి గాజు లక్షణం. మామూలు గాజులో 15 సెం.మీ. లెన్సుకి ఎరుపు, నీలం నాభుల మధ్య తేడా 2.5 మి.మీ. దాకా ఉంటుంది, ఎంత ఫోకస్ చేసినా రెండూ ఒకేచోట కలవవు. పాడైన బైనాక్యులర్ ముందు లెన్సు దొరికితే అది రెండు గాజులు అతికించింది, గీతలు దాదాపు పోతాయి. నాభ్యాంతరం కొలిచి వాడండి.

ఆర్టీమియా విషయానికొస్తే, 5 రెట్ల లూపు నాభ్యాంతరం సుమారు 5 సెం.మీ., సరైనదే. కానీ 25 మి.మీ. తెరిచిన లెన్సుతో తేటగా కనపడే లోతు అటూ ఇటూ 0.2 మి.మీ. మాత్రమే. 3 మి.మీ. నీళ్ళలో ఒక్కటి కనపడటమే గొప్ప. సందు 1 మి.మీ. చెయ్యండి: మైక్రోస్కోపు స్లైడ్లు రెండు, మూడోదాన్ని గాజుకోతతో సన్నటి పట్టీలుగా కోసి మూడు అంచుల్లో పెట్టి, అక్వేరియం సిలికాన్‌తో అతికించండి. స్లైడు మందమే ఒక మి.మీ. పైచిలుకు కాబట్టి సందు దానంతటదే వస్తుంది. సిలికాన్ పులుపు వాసన పూర్తిగా పోయేదాకా పురుగుల్ని వెయ్యబాకండి. లూపు మీద 15 మి.మీ. అట్ట పెడితే లోతు 0.35 దాకా పెరుగుతుంది.

వెలుగు మాత్రం మూడో వంతుకి పడుతుంది. అందుకని ఈ ఒక్క పనికి తెరని మీటరున్నరకి తెచ్చుకోండి. 29 రెట్లు పెద్దదవుతుంది, 0.45 మి.మీ. పిల్ల 13 మి.మీ.గా కనపడుతుంది. రెండున్నర మీటర్ల దగ్గర 22 మి.మీ. వస్తుంది కానీ మూడింతలు మసక. పదిమందిని దగ్గర కూర్చోబెట్టి విడతలుగా చూపించడమే మేలు. ఆర్టీమియా పిల్లలు వెలుగు వైపే ఈదుతాయి. దీపం వేసి నిమిషం ఆగితే అవే గుంపుగా వచ్చి చేరతాయి. బొమ్మ తలకిందులు కాబట్టి పైకి ఈదేది తెర మీద కిందకి పోతుంది, రైతులకి ఆ మాట ముందే చెప్పండి.

కాకిబంగారం_524

అడగని సలహా ఒకటి. ఈ పెట్టె కుదిరాక దాంట్లో నెల్లూరు జిల్లా అభ్రకం పెట్టి చూపించండి. సైదాపురం గనుల దగ్గరి పలక పొర ఒకటి చాలు. పాడైన ఎల్‌సీడీ తెర మీది ధ్రువణ పొర (ఒకే దిక్కులో ఊగే కాంతిని మాత్రమే వదిలే పొర) రెండు ముక్కలు కొయ్యండి. ఒకటి కండెన్సరు ముందు, ఇంకోటి లెన్సు ముందు, తెర పూర్తిగా నల్లబడేదాకా రెండోదాన్ని తిప్పండి. ఇప్పుడు బల్ల మీద అభ్రకం పెట్టి తిప్పుతూ పోతే వెలుగు ఎక్కువగా వచ్చే చోటు ఒకటి దొరుకుతుంది. 0.1 మి.మీ. మందం దగ్గర ఊదా, ఎరుపు వస్తాయి. 0.03 దగ్గర బూడిద రంగు. అర మి.మీ. దాటితే రంగులు వెలిసిపోయి తెలుపు మిగులుతుంది. బ్లేడు మొనతో పొరని మెట్లు మెట్లుగా చీలిస్తే తెర మీద ఒక్కో మెట్టుకి ఒక్కో రంగు. రెండో ధ్రువణ పొరని 90 డిగ్రీలు తిప్పగానే ప్రతి రంగూ దాని ఎదుటి రంగుకి మారుతుంది. వెలుగు సగానికి పైగా పోతుంది కాబట్టి 15 సెం.మీ. లెన్సు, రెండున్నర మీటర్ల తెరే వాడండి.

పెన్నా_గట్టు

ఇన్‌స్పైర్ మానక్ మాట ఎవరూ ఎత్తలేదు. పంపొచ్చు. ఎంపికైన ఆలోచనకి నమూనా కోసం 10,000 రూపాయలు ఇస్తారు. కానీ "ప్రొజెక్టరు కనిపెట్టాం" అని రాయబాకండి. దీపం, లెన్సు, స్లైడు కలిపిన లాంతరు 1659 నాటికే డచ్ శాస్త్రవేత్త క్రిస్టియాన్ హైగెన్స్ దగ్గర ఉంది. దీపాన్నీ లెన్సునీ కదపకుండా బల్ల ఒక్కదాంతో మూడు లెన్సులకి సర్దుకోవడం, చెరువు నీళ్ళకి 1 మి.మీ. గాజు గూడు, విద్యార్థి చేసిన పని ఇవి. వీటినే బొమ్మలు గీసి, కొలతలతో రాయించండి.

పేటెంటు ఆలోచన ఉంటే వేరే సంగతి. 1970 పేటెంట్ల చట్టం 3(ఎఫ్) ప్రకారం, తెలిసిన పరికరాలు దేని పని అది చేసుకుంటుంటే వాటిని పక్కపక్కన అమర్చినంత మాత్రాన ఆవిష్కరణ కాదు. పైగా బయట చూపించాక కొత్తదనం పోయినట్టే లెక్క, ఈ చర్చలో ఉన్నదంతా ఇప్పటికే బయటపడ్డదే. ఇంకా ఎక్కడా చెప్పని మెలిక ఏదైనా ఆ పిల్లవాడి దగ్గర ఉంటే ముందు తాత్కాలిక దరఖాస్తు వెయ్యాలి, 12 నెలల్లోపు పూర్తి వివరం ఇవ్వాలి. మన రాష్ట్రానికి చెన్నై పేటెంటు ఆఫీసు. అప్పటిదాకా ఆ మెలిక ఇక్కడ రాయబాకండి.