పెంబినా కౌంటీ తొలి కుటుంబాల జాడ ఎలా పట్టుకోవాలి?

అందరికీ నమస్కారం. అమెరికాలో ఉత్తర డకోటాకు ఈశాన్య మూలన, కెనడా సరిహద్దును ఆనుకొని ఉన్న పెంబినా కౌంటీ చరిత్ర కొంతకాలంగా చదువుతున్నాను. ఒకచోట దారి తెలియక ఆగిపోయాను.

1812లో స్కాట్లాండ్ జమీందారు సెల్‌కర్క్ ప్రభువు కెనడాలో వలస ఏర్పాటుకు పంపిన స్కాట్లాండ్, ఐర్లాండ్ రైతులు తిండి కరవై ఇక్కడికి చేరి, అడవిదున్నల మాంసంతో చలికాలం గట్టెక్కారు. ఆ వేటలో ఆరితేరినవారు మేటీలు. ఫ్రెంచి తండ్రులకు, ఆదివాసీ తల్లులకు పుట్టిన సంతతి వారిది. వారి బండ్ల గురించి చదివినప్పటి నుంచి మనసు అక్కడే ఉంది. ఇనుప మేకు ఒక్కటీ లేదు, అంతా కర్ర, పచ్చితోలు. దుమ్ము అంటుకుంటుందని ఇరుసుకు కందెన కూడా పెట్టేవారు కాదు. కందెన లేనిదే బండి కట్టని ఊళ్ల నుంచి వచ్చిన నాకు అది పెద్ద వింత.

1818 ఒప్పందం 49వ అక్షాంశాన్ని సరిహద్దు చేసింది. 1823లో అమెరికా సైన్యాధికారి మేజర్ లాంగ్ బృందం కొలిస్తే పెంబినా అమెరికా వైపు తేలింది. చాలా కుటుంబాలు ఉత్తరానికి తరలిపోయాయి, కొన్ని ఉండిపోయాయి.

ఎవరు వెళ్లారో, ఎవరు మిగిలారో తెలుసుకోవడం ఎలా? అప్పట్లో పెంబినా కూడా కలిసి ఉన్న మిన్నెసోటా ప్రాంతపు 1850 నాటి జనాభా లెక్కలను, సరిహద్దుకు ఉత్తరాన కెనడాలో ఉన్న మానిటోబాకు చెందిన 1870 చట్టం కింద మేటీలు పెట్టుకున్న భూమి అర్జీలను పక్కపక్కన పెట్టి చూసినవారు ఉన్నారా? ఫ్రెంచి ఇంటిపేర్లు ఒక్కోచోట ఒక్కోలా రాసి ఉంటే ఎలా పోల్చుకున్నారు? మీ అనుభవం చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.