సప్తసాలములా, సప్తతాలములా?

తెనాలి మిత్రుడు: కిష్కింధకాండలో రాముని బాణం ఏడు చెట్లను దూసుకుపోయే శ్లోకం "భిత్త్వా సాలాన్ గిరిప్రస్థే" అని నా నోట నిలిచిపోయింది గాని, మా తాతగారు "తాలాన్", అంటే తాటిచెట్లను, అని చదివినట్లు నిన్నటి నుండి చెవిలో మెదులుతున్నది. సా, తా రెండూ గురువులే కనుక ఛందస్సు వల్ల ఏమీ తేలదు. మీరేమంటారు?

రాజమహేంద్రవరం మిత్రురాలు: రెండు పాఠాలూ అచ్చులో ఉన్నవే. అయితే దానికి ముందు శ్లోకంలో "ఉద్దిశ్య చిక్షేప" (గురిపెట్టి విడిచాడు) అన్నచోట ఉన్నది సాల శబ్దమే కనుక, తాటిచెట్టు తరువాత వచ్చి చేరిందని నా నమ్మకం. తమిళ కంబరామాయణంలో ఈ ఘట్టం పేరు మరామరప్పడలం, మరామరమంటే సాలవృక్షమే. అక్కడా తాటి లేదు.

పార్వతీపురం మిత్రుడు: సాలమంటే నేటి సాల్ చెట్టే, చెక్కను అడిగితే అదే చెబుతుంది. మా ఇంటి ద్వారబంధానికి సాల్ చెక్క తెప్పించినప్పుడు, బర్మాతో రంధ్రం వేయకుండా కొట్టిన మేకు సగం దిగి వంగిపోవడం కళ్లారా చూశాను. ఘనమీటరుకు 800 కిలోలకు పైగా తూగే ఆ చేవలో నార అల్లిబిల్లిగా పెనవేసుకొని, గుగ్గిలం నిండి ఉంటుంది. అందుకే చెదలకు లొంగదు, అందుకే రైలుపట్టాల కింద స్లీపర్లుగా వేశారు. తాటికి గట్టిదనమంతా మాను వెలుపలి భాగంలోనే, నడుమ అంతా బెండు. దానిని కొట్టి చూపితే వాలిని చంపగలడని సుగ్రీవునికి నమ్మకం కుదురుతుందా?

ప్రొద్దుటూరు మిత్రుడు: తాటిని అంత తేలిక చేయకండి, ముదురు తాటిదూలం మీద గొడ్డలి ఎగిరిపడుతుంది. అసలు సాలమంటే ఒక జాతి చెట్టే అని ఎందుకు పట్టుబట్టాలి? అమరకోశ నిఘంటువులో "అనోకహః కుటః సాలః" అని చెట్టుకే అది పర్యాయపదం. పోతన గారిదని చెప్పుకొనే "బాలరసాలసాల" పద్యంలో రసాలం మామిడి, సాలం వట్టి చెట్టు. 

రాజమహేంద్రవరం మిత్రురాలు: ఏ చెట్టయినా ఒకటే అయితే, అది పరీక్ష ఎలా అవుతుందండీ?

తెనాలి మిత్రుడు: మా ఊరి పురాణంలో ఈ సాలాలను ఏడు మద్దులని చెప్పగా విన్నాను. పోతన గారి బాలకృష్ణుడు రోటితో కూల్చిన జంటమద్దులు అర్జునవృక్షాలు, అంటే ఏటి ఒడ్డున పెరిగే తెల్లమద్దులు. ఇక్కడ కవి "గిరిప్రస్థే", అంటే కొండ చదును మీద, అన్నాడు. కిష్కింధ అని చెప్పుకొనే హంపి వైపు సాల్ అడవి లేదు. మొసలి వీపులా బెరడు పగిలిన నల్లమద్ది మాత్రం దక్కను కొండలదే. సా, తా సంగతి అటుంచి, ఆ మద్ది ఏ మద్దో ముందు చెప్పండి.