వాంక్విష్ 440 మెటల్ డిటెక్టర్‌కి తక్కువ ధరలో వైర్‌లెస్ హెడ్‌ఫోన్స్ ఏవి తీసుకోవాలి?

ఇసుకలో సూది (హ్యూస్టన్)

అందరికీ నమస్కారం. నాలుగు నెలల కిందట మైన్‌ల్యాబ్ వాంక్విష్ 440 కొన్నాను. శని, ఆదివారాల్లో పిల్లల్ని తీసుకుని బీచ్‌కి వెళ్తుంటాను. డిటెక్టర్ బాగానే ఉంది, నా ప్రాణం తీస్తున్నది హెడ్‌ఫోన్ వైరు. తవ్వడానికి వంగిన ప్రతిసారీ పారకి చుట్టుకుంటుంది. ఒకసారి లేచి నిలబడేసరికి చెవిలోంచి ఊడి ఇసుకలో పడింది, మా చిన్నోడు దానిమీద నుంచి నడిచి వెళ్ళిపోయాడు.

అందుకని ఒక చిన్న బ్లూటూత్ ట్రాన్స్‌మిటర్ కొని డిటెక్టర్ సాకెట్‌లో పెట్టాను. ఆఫీసు కాల్స్‌కి వాడే ఇయర్‌బడ్స్‌తో కలిపాను. శబ్దం వస్తోంది, కానీ ఆలస్యంగా వస్తోంది. బీప్ విన్నచోట తవ్వితే ఏమీ ఉండదు. పక్కకి జరిగి తవ్వితే దొరుకుతుంది. ఒక్కోసారి మొదటి బీప్ అసలు వినిపించదు కూడా. అరవై డాలర్లలోపు దీనికి దారి ఉందా? లేక మళ్ళీ వైరుకే పోవాలా?

పాత రేడియో (డల్లాస్)

తమ్ముడూ, నీ ఇయర్‌బడ్స్ చెడిపోలేదు, డిటెక్టరూ చెడిపోలేదు. బ్లూటూత్ పనిచేసే పద్ధతే అంత. శబ్దాన్ని ముక్కలు చేసి, కుదించి, పంపి, అటువైపు మళ్ళీ విప్పి వినిపిస్తుంది. మామూలు బ్లూటూత్‌లో (ఎస్‌బీసీ అంటారు) దీనికి దాదాపు 150 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది. పాటలు వింటే ఎవరికీ తెలియదు. సినిమా చూసేటప్పుడు ఫోన్ బొమ్మని కూడా అంతే ఆపి సర్దుకుంటుంది. డిటెక్టర్‌కి ఆ తెలివి లేదు కదా.

లెక్క వేసి చూడు. నువ్వు కాయిల్‌ని (డిటెక్టర్ అడుగున ఉండే గుండ్రటి పళ్ళెం) సెకనుకి ఒక మీటరు వేగంతో ఊపుతున్నావనుకో. 200 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే బీప్ నీ చెవిని చేరేసరికి కాయిల్ నాణేన్ని దాటి 20 సెంటీమీటర్లు పోయింది. నువ్వు తవ్వుతున్నది అక్కడ. అదే 40 మిల్లీసెకన్లయితే తేడా 4 సెంటీమీటర్లే. తవ్వే గుంతలోనే సరిపోతుంది.

ఆ 40 మిల్లీసెకన్ల బ్లూటూత్ రకానికి పేరు ‘ఆప్ట్‌ఎక్స్ లో లేటెన్సీ’, లో లేటెన్సీ అంటే తక్కువ ఆలస్యం అని. పెట్టె మీద ఉత్త ఆప్ట్‌ఎక్స్ అని ఉంటే చాలదు, ఆప్ట్‌ఎక్స్ హెచ్‌డీ అని ఉన్నా చాలదు. ‘లో లేటెన్సీ’ అన్న మాట ఉండాలి. పైగా ట్రాన్స్‌మిటర్‌లో, హెడ్‌ఫోన్‌లో, రెండింటిలోనూ ఉండాలి. ఒకదానిలో ఉండి రెండోదానిలో లేకపోతే రెండూ కలిసి మామూలు ఎస్‌బీసీకి దిగిపోతాయి, నీకు చెప్పవు కూడా. నీ ఇయర్‌బడ్స్ ఏ రకమో చెప్పు.

ఇసుకలో సూది (హ్యూస్టన్)

యాపిల్ ఎయిర్‌పాడ్స్ అన్నా.

పాత రేడియో (డల్లాస్)

అయితే సమాధానం దొరికినట్టే. వాటిలో ఆప్ట్‌ఎక్స్ ఏ రకమూ లేదు. నువ్వు ఎంత మంచి ట్రాన్స్‌మిటర్ కొన్నా వాటితో ఆలస్యం తగ్గదు. అవి ఆఫీసుకే ఉంచు, ఉప్పుగాలిలోకి ఎందుకు?

నల్లరేగడి (హైదరాబాద్)

నా దగ్గర గేమింగ్ ఇయర్‌బడ్స్ ఉన్నాయి. గేమ్ మోడ్‌లో 50 మిల్లీసెకన్లు అని రాసి ఉంది. అవి పనికిరావా? చాలా చవకగా వచ్చాయి.

పాత రేడియో (డల్లాస్)

ఆ అంకె కంపెనీవాళ్ళు తమకి అనుకూలమైన ఫోన్‌తో కలిపి చెప్పేది. డిటెక్టర్‌కి తగిలించిన ట్రాన్స్‌మిటర్‌తో అదే అంకె వస్తుందని గ్యారంటీ లేదు. ఇంట్లో ఉంటే ప్రయత్నించండి, దీనికోసం కొనకండి. ఇంకోటి, యూఎస్‌బీ డాంగిల్‌తో వచ్చే గేమింగ్ హెడ్‌సెట్లు. వాటిలో ఆలస్యం నిజంగానే తక్కువ, కానీ డాంగిల్‌కి అటువైపు కంప్యూటరో గేమ్ బాక్సో ఉండాలి. డిటెక్టర్‌కి ఉన్నది 3.5 మిల్లీమీటర్ల గుండ్రటి సాకెట్. మా అల్లుడు ఇలాగే ఒకటి కొని, తిరిగి పంపడానికి పోస్టాఫీసు చుట్టూ తిరిగాడు.

ఉప్పుగాలి (టాంపా)

సూది గారూ, నాది కూడా 440నే. కొనేముందు ఎవరూ చెప్పని సంగతి ఒకటి. వాంక్విష్ 340, 440, 540 మూడింటిలో 540కి మాత్రమే లోపల బ్లూటూత్ ఉంది, అదీ లో లేటెన్సీ రకమే. 340, 440లకి ఉన్నది సాకెట్ ఒక్కటే. అందుకే మనకి ఈ తిప్పలు. ఇంకా డిటెక్టర్ కొననివాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, వైర్‌లెస్ తప్పనిసరి అనుకుంటే, అది లోపలే ఉన్న మోడల్ తీసుకోండి. నోక్టా సింప్లెక్స్ బీటీ కూడా అలాంటిదే. తర్వాత ట్రాన్స్‌మిటర్, వైరు, వెల్క్రో అంటూ పెట్టే ఖర్చు కలుపుకుంటే తేడా పెద్దగా మిగలదు.

నేను చేసింది చెప్తాను. లో లేటెన్సీ ట్రాన్స్‌మిటర్, అదే కంపెనీ హెడ్‌ఫోన్స్, రెండూ జతగా అమ్మేది తీసుకున్నాను. టీవీ చూసే పెద్దవాళ్ళ కోసం అమ్ముతారు ఇలాంటివి. మెటల్ డిటెక్టర్ అని వెతికితే ధర రెట్టింపు చూపిస్తుంది, టీవీ అని వెతికితే మామూలు ధర. జత కాబట్టి ఏది దేనితో కలుస్తుందో అన్న టెన్షన్ లేదు. వాడినది కొనడం వల్ల నాకు 45 డాలర్లు అయింది.

చెవి మొత్తం మూసేవి మాత్రం మన ఫ్లోరిడా, టెక్సస్ ఎండకి కష్టం. జూలైలో గంటసేపు పెట్టుకుంటే చెమటకి మెత్తలు తడిసి ముద్దయిపోతాయి. చెవి మీద ఆనుకుని ఉండే చిన్నవి నయం.

గట్టుమీద గడ్డి (ఇంగ్లండ్, నార్ఫోక్)

మాకు దానికి పూర్తిగా వ్యతిరేకం. కోత కోసిన గోధుమ పొలంలో గాలి చెవుల్లో హోరుమంటుంది, చెవి మూయకపోతే లోతైన సిగ్నల్ వినపడదు. కాబట్టి ఎక్కడ తిరుగుతారో చూసుకుని కొనాలి.

నాయిస్ క్యాన్సిలింగ్ (బయటి చప్పుడు అణిచేది) ఉన్నవాటికి ఎక్కువ డబ్బు పెట్టకండి అని నా మాట. ఉంటే ఆపేసి వాడండి. పొలంలో ట్రాక్టర్ వెనక నుంచి వస్తే తెలియాలి. ఆవులు కూడా. నవ్వకండి, ఆవులు చాలా నిశ్శబ్దంగా వస్తాయి.

ఇసుకలో సూది (హ్యూస్టన్)

అక్కా, ఆవుల సంగతి గుర్తుపెట్టుకుంటాను :) మొదటి బీప్ మింగేయడం గురించి ఎవరూ చెప్పలేదు. అది కూడా ఆలస్యం వల్లేనా?

పాత రేడియో (డల్లాస్)

కాదు, అది వేరే జబ్బు. ఆలస్యం వల్ల బీప్ వెనక్కి జరుగుతుంది తప్ప తగ్గదు. మొదటి భాగం తెగిపోతోందంటే మధ్యలో ఏదో నిద్రపోతోందన్నమాట. చాలా ట్రాన్స్‌మిటర్లు, హెడ్‌ఫోన్లు కొంతసేపు శబ్దం రాకపోతే బ్యాటరీ మిగల్చడానికి కునుకు తీస్తాయి. బీప్ రాగానే లేస్తాయి, లేచేలోపు బీప్ అయిపోతుంది. కొన్ని అయిదు, పది నిమిషాల మౌనం తర్వాత పూర్తిగా ఆగిపోతాయి కూడా.

కొన్ని డిటెక్టర్లలో లోహం లేనప్పుడు కూడా సన్నగా ఒక రొద వినిపిస్తుంది, త్రెషోల్డ్ అంటారు. అది ఉన్నవాళ్ళకి ఈ బాధ తక్కువ, ఆ రొదే అన్నిటినీ మేలుకొలిపి ఉంచుతుంది. వాంక్విష్ లోహం తగిలేదాకా మూగగా ఉంటుంది. అందుకని కొనేటప్పుడు ఆటో ఆఫ్‌ని ఆపే వీలుందా అని చూసుకో. కొన్నాక మొదటి పని, హెడ్‌ఫోన్ పెట్టుకుని డిటెక్టర్ ఆన్ చేసి పావుగంట ఊరికే కూర్చో. తర్వాత పాదం దగ్గర పావలా, అదే క్వార్టర్, పడేసి ఊపు. బీప్ మొదలుతో సహా వినపడితే సరే. లేకపోతే తిరిగి పంపే గడువులోనే పంపించెయ్.

ఆలస్యం కొలిచే చిట్కా కూడా చెప్తాను. నాణెం నేల మీద పెట్టి ఎడమ నుంచి కుడికి ఊపు, బీప్ విన్నచోట ఒక పుల్ల గుచ్చు. మళ్ళీ కుడి నుంచి ఎడమకి, అదే వేగంతో. ఇంకో పుల్ల. రెండు పుల్లల మధ్య దూరంలో సగం నీ ఆలస్యం వల్ల వచ్చే తేడా. నాణెం సరిగ్గా మధ్యలో ఉంటుంది. నీ ఎయిర్‌పాడ్స్‌తో చేస్తే పుల్లల మధ్య జానెడు కంటే ఎక్కువే వస్తుంది చూడు.

డబ్బు పెట్టడం ఇష్టం లేనివాళ్ళకి ఇదే ఉపాయం: రెండువైపుల నుంచీ ఊపి, మధ్యలో తవ్వడం. లోహం సరిగ్గా ఎక్కడుందో చూపే పిన్‌పాయింట్ బటన్ నొక్కి కాయిల్‌ని మెల్లగా జరిపినప్పుడు కూడా ఆలస్యం పెద్దగా బాధించదు. దాదాపు నిలిచి ఉన్న కాయిల్‌కి ముందూ వెనకా ఏముంది?

ఉప్పుగాలి (టాంపా)

ఇది బాగుంది. నేను రెండేళ్ళుగా ఇదే చేస్తున్నాను, ఎందుకు పనిచేస్తుందో ఇప్పుడు తెలిసింది.

ట్రాన్స్‌మిటర్‌ని కాయిల్‌కి దూరంగా, చెయ్యి ఆనించే చోట వెల్క్రోతో అంటించండి. మోచేతి దగ్గర అన్నమాట. మరీ కిందకి కడితే దాన్నే లోహమనుకుని డిటెక్టర్ అరుస్తుంది. నేను మొదటిరోజు అలా చేసి బీచ్ అంతా బంగారమే అనుకున్నాను.

నల్లరేగడి (హైదరాబాద్)

గారెట్ ఏస్ 300 డిటెక్టర్ ఉన్న స్నేహితుడు ఒకడు అడుగుతున్నాడు. దానికి ఈ 3.5 పిన్ను దూరడం లేదట.

పాత రేడియో (డల్లాస్)

దూరదు, దాని సాకెట్ పెద్దది, 6.35 మిల్లీమీటర్లు, గిటార్‌కి ఉండేది. చిన్న అడాప్టర్ దొరుకుతుంది. ఏ డిటెక్టర్‌కైనా అడాప్టర్ పెట్టాక ఒక చెవిలోనే వినిపిస్తే కంగారు పడి హెడ్‌ఫోన్ మార్చవద్దని చెప్పండి. మోనో సాకెట్‌లో స్టీరియో పిన్ను పెడితే అలాగే అవుతుంది. మోనో నుంచి స్టీరియోకి మార్చే అడాప్టర్ అడగాలి.

గారెట్ వాళ్ళది జెడ్‌లింక్ అని సొంత వైర్‌లెస్ ఉంది. వాళ్ళు చెప్పే ఆలస్యం 17 మిల్లీసెకన్లు. బ్లూటూత్ కాదు, వేరే పద్ధతి. పనితనంలో వంక పెట్టలేం, కానీ సూది చెప్పిన బడ్జెట్‌లో వచ్చేది కాదు.

నల్లరేగడి (హైదరాబాద్)

థ్యాంక్సండీ. అసలు సంగతి చెప్పేస్తాను. వాడు మా ఊరి పక్కన పాత గడీ దగ్గర చూద్దామంటున్నాడు. పెద్దవాళ్ళు బిందెలు పాతిపెట్టారని ఊళ్ళో చెప్పుకుంటారు.

గట్టుమీద గడ్డి (ఇంగ్లండ్, నార్ఫోక్)

హెడ్‌ఫోన్ సంగతి తర్వాత. ముందు అతన్ని ఆపండి. ఇండియాలో 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా ఉంది. భూమిలో దాగిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి తెలియజేయాలి. రక్షిత కట్టడమైతే 1958 నాటి పురాతన కట్టడాల చట్టం కింద అక్కడ తవ్వడమే నేరం. గుప్తనిధుల పేరుతో గుళ్ళు, కోటలు తవ్వి పట్టుబడినవాళ్ళ వార్తలు మీరు చూడనివా? మాకు ఇక్కడ రైతు అనుమతి తీసుకుని చట్టబద్ధంగా తిరిగే వీలుంది. అయినా నిధి కిందకి వచ్చేది దొరికితే 14 రోజుల్లో కరోనర్ అనే అధికారికి చెప్పాలి.

పాత రేడియో (డల్లాస్)

నాకూ ఊరి నుంచి ఇలాంటి ఫోన్లు వస్తాయి. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో వజ్రాల కోసం జనం వెళ్తారు కదా, ఒకాయన డిటెక్టర్ పంపమన్నాడు. వజ్రం లోహం కాదు బాబూ అంటే, నేను పిసినారితనం చేస్తున్నానని కోపం తెచ్చుకున్నాడు.

సూదీ, నువ్వు కూడా ఒకటి చూసుకో. మన టెక్సస్‌లోనే పాడ్రే ఐలాండ్ నేషనల్ సీషోర్ ఉంది. 1554లో స్పెయిన్ ఓడలు మూడు అక్కడ మునిగాయి, అందుకే అందరి కళ్ళూ దానిమీదే. కానీ అది నేషనల్ పార్క్ సర్వీస్ భూమి, డిటెక్టర్ వాడటం నిషేధం. మిగతా బీచ్‌లకి ఊరూరికీ రూల్ వేరు, వెళ్ళేముందు ఫోన్ చేసి అడుగు.

ఇసుకలో సూది (హ్యూస్టన్)

పాడ్రే వైపు పోను అన్నా. ఆఖరి ప్రశ్న. మోకాలి లోతు నీళ్ళలో ఈ వైర్‌లెస్ పనిచేస్తుందా?

ఉప్పుగాలి (టాంపా)

ట్రాన్స్‌మిటర్, మీ తల రెండూ నీళ్ళ పైన ఉన్నంతవరకు పనిచేస్తుంది. ఈ రేడియో తరంగాలు నీళ్ళలో ఎంతో దూరం పోవు, మునిగిన మరుక్షణం శబ్దం పోతుంది. కానీ 440తో అసలు అంత దూరం వెళ్ళకండి. నీళ్ళకి తట్టుకునేది కాయిల్ మాత్రమే, పైన ఉన్న పెట్టె కాదు. ఒక్క అల వస్తే హెడ్‌ఫోన్ కాదు, డిటెక్టరే పోతుంది.

ఇసుకలో సూది (హ్యూస్టన్)

మూడు వారాల తర్వాత వచ్చి రాస్తున్నాను. ఉప్పుగాలి గారు చెప్పినట్టు టీవీ కోసం అమ్మే జత తీసుకున్నాను, రెండూ లో లేటెన్సీ, పన్నుతో కలిపి 57 డాలర్లు. పావుగంట పరీక్ష పాసైంది. పుల్లల పరీక్ష పెరట్లో చేశాను. ఎయిర్‌పాడ్స్‌తో రెండు పుల్లల మధ్య 38 సెంటీమీటర్లు వచ్చింది, కొత్తవాటితో 9. మా ఆవిడ కిటికీలోంచి చూసి, నేల కొలిచి ఇల్లు కడుతున్నావా అంది.

ఆదివారం బీచ్‌లో రెండు గంటలు తిరిగాను. నాలుగు క్వార్టర్లు, చేపలు పట్టేవాళ్ళ సీసపు గుండు ఒకటి, సోడా మూతలు లెక్కలేనన్ని. అన్నీ మొదటి గుంతలోనే దొరికాయి. వచ్చిన చిక్కు ఒక్కటే, ట్రాన్స్‌మిటర్ పిన్ను నిటారుగా ఉండి చేతికి తగులుతోంది.

పాత రేడియో (డల్లాస్)

ఎల్ ఆకారంలో వంగిన పిన్ను ఉన్న పొట్టి వైరు తీసుకో, ఆరంగుళాలు చాలు. పొడవైనది కొంటే మళ్ళీ పారకి చుట్టుకుంటుంది.