రసీదు పుస్తకం మీద ‘ఎయిడ్స్’ అని రాయాలా, వద్దా?

చీమకుర్తి స్లాబు

ఈ ఫోరంలో అందరికీ నమస్కారం. ఒక విషయంలో మీ అందరి మాటా వినాలి. తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ కారణం చెప్పండి.

మా వైపు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ల వాళ్లం, లోడింగ్ వాళ్లం, లారీ ఆఫీసుల వాళ్లం కలిసి ఒక నిధి నడుపుతున్నాం. హెచ్‌ఐవీ ఉన్న కుటుంబాల పిల్లలకు స్కూలు ఖర్చులు, నెలకోసారి పప్పు, నూనె, గుడ్లు, మందుల కోసం ఒంగోలు వెళ్లొచ్చే బస్సు చార్జీలు ఇస్తాం. నేను వాలంటీర్‌ని. ఆదివారం సెలవు కాబట్టి రసీదు పుస్తకం పట్టుకుని చీమకుర్తి నుంచి రామతీర్థం దాకా యూనిట్ యూనిట్‌కీ తిరుగుతాను.

ఈసారి కొత్త పుస్తకాలు అచ్చు వేయించాలి. దాని మీద ‘ఆరోగ్య సహాయ నిధి’ అని మాత్రమే ఉండాలి, ఎయిడ్స్ అనే మాట తీసేయాలి అని కమిటీ పెద్దలు అంటున్నారు. పోయినేడు ఆ మాట చూసి చాలామంది పుస్తకం వెనక్కి ఇచ్చేసిన మాట నిజమే. ఒకాయన లేబర్ ముందే, "మా యూనిట్‌లో ఎవరికన్నా ఉందా ఏంది?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు.

అయినా పేరు ఉండాలనే నా పట్టుదల. మన రాయి ఎక్కడెక్కడికో పోతోంది కదా. బంగారు చుక్కలుండే మన నల్ల గెలాక్సీ గ్రానైట్ అమెరికాలో వంటగది గట్ల మీద ఉంది. అక్కడ ఇళ్లు, ఫర్నిచర్, బట్టలు డిజైన్ చేసే రంగం వాళ్లు 1984లోనే డిఫా అని ఒక సంస్థ పెట్టుకున్నారు. ఎయిడ్స్ మీద పోరాటానికి డిజైన్ పరిశ్రమల ఫౌండేషన్ అని దాని అర్థం. అప్పటికి ఆ జబ్బుకి మందే లేదు. తమతో పనిచేసే వాళ్లే ఒకరి తర్వాత ఒకరు పోతుంటే చూడలేక పెట్టుకున్నారు. డిజైనర్లు ఒక్కొక్కరు ఒక్కో భోజనాల బల్లని అలంకరిస్తారు, ఆ విందులకు వచ్చినవాళ్ల దగ్గర నిధులు పోగుచేస్తారు. ఆ రోజుల్లో ఆ జబ్బు పేరు ఎత్తితే జనం ఎంత దూరం జరిగేవారో మీకు తెలుసు. అయినా పేరులోనే పెట్టుకున్నారు. మనం ఎందుకు పెట్టకూడదు?

క్వారీ రోడ్డు

తమ్ముడూ, నాకు ఒక చిన్న యూనిట్ ఉంది. ఆ పుస్తకం వెనక్కి ఇచ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. ఎందుకిచ్చానో చెబుతా.

ఆ జబ్బున్న వాళ్ల మీద నాకు కోపం లేదు. నా బాధ వేరే. మన పరిశ్రమ వల్ల వచ్చే జబ్బు ఏది? దుమ్ము. డ్రిల్లింగ్ దగ్గర, పొడి కటింగ్ దగ్గర పదేళ్లు పనిచేసినవాడి ఊపిరితిత్తులు రాయి అయిపోతాయి. ఆ జబ్బే సిలికోసిస్, దానికి తిరిగి బాగుచేసే మందు లేదు. హెచ్‌ఐవీకి ప్రభుత్వం 2004 నుంచి ఉచితంగా మందులిస్తోంది, పింఛనూ ఇస్తోంది. మనం పుట్టించిన జబ్బుని వదిలేసి ఇంకోదానికి విరాళాలు పోగుచేస్తే, రేపు ఆ దుమ్ము తిన్న కూలీ మన ముఖాన ఏం అడుగుతాడు? పేరు సంగతి తర్వాత. అసలు ఈ నిధి దేనికి అన్నదే నా ప్రశ్న.

లారీ టాప్

నేను ఇరవై రెండేళ్లు లారీ తోలాను. చెన్నై, కృష్ణపట్నం రేవులకు బ్లాకులు దింపాను. అప్పట్లో హైవే మీద డాబాల దగ్గర కండోమ్ డబ్బాలు పెట్టేవాళ్లు, సాయంత్రం పూట కుర్రాళ్లు వచ్చి మా చుట్టూ కూర్చుని మాట్లాడేవాళ్లు. వాళ్లు ఆ జబ్బు పేరు గట్టిగా చెప్పేవాళ్లు. మొదట సిగ్గేసింది. రెండోసారి విన్నాం. మూడోసారి మావాడొకడు వాళ్లని పక్కకి పిలిచి పరీక్ష ఎక్కడ చేస్తారని అడిగాడు. వాడు ఈరోజుకీ బతికున్నాడు, మనవడిని ఎత్తుకుని తిరుగుతున్నాడు.

ఆ కుర్రాళ్లు ‘ఆరోగ్య సలహా’ అని బోర్డు పెట్టుకుని కూర్చుంటే బీపీ గురించి అనుకుని లేచి పోయేవాళ్లం.

సంతపేట అక్క

నేను హెచ్‌ఐవీ పరీక్షలు చేసే కేంద్రంలో కౌన్సెలర్‌గా చాలా ఏళ్లు చేశాను.

క్వారీ రోడ్డు అన్నా, దుమ్ము గురించి మీరన్న మాట నూటికి నూరుపాళ్లు సరైంది. కానీ ఈ రెండు జబ్బులూ ఒకే మనిషిలో కలుస్తాయి. సిలికా దుమ్ము పట్టిన ఊపిరితిత్తులకు టీబీ తేలిగ్గా వస్తుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లనూ ఎక్కువగా చంపేది టీబీయే. దక్షిణాఫ్రికా బంగారు గనుల కార్మికుల మీద చేసిన అధ్యయనంలో ఈ రెండూ కలిస్తే ముప్పు కూడిక లాగా కాదు, గుణకారం లాగా పెరుగుతుందని తేలింది. మీ యూనిట్‌లో నెలల తరబడి దగ్గుతున్న కూలీకి ఆ మూడూ ఉండొచ్చు. నీళ్లు పోసి కటింగ్ చేయించండి, మాస్కులు ఇవ్వండి. అది యజమాని బాధ్యత. దానికి విరాళాల పుస్తకం అక్కర్లేదు, మీ యూనిట్ ఖర్చులోనే రావాలి.

మందులు ఉచితమే. ఇప్పుడు చాలామందికి రోజుకి ఒక్క మాత్ర చాలు. కానీ ఒంగోలు దాకా వచ్చి వెళ్లాలంటే ఆ రోజు కూలి పోతుంది. కనిగిరి అవతలి పల్లెల నుంచి వచ్చేవాళ్లకి తెల్లవారుజామున బయలుదేరితే ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. స్థిమితంగా ఉన్నవాళ్లకి రెండు మూడు నెలల మందులు ఒకేసారి ఇస్తున్నారు కాబట్టి కొంత నయం. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు మాత్రం మాటిమాటికీ రావాలి. మందులు ఆపేసేది ఎక్కువగా వాళ్లే, చాలాసార్లు చార్జీలకి డబ్బుల్లేక. నిధి చేసే పని ఇక్కడ ఉంది.

రసీదు లెక్క

నేను అకౌంట్లు చూసేవాణ్ణి. పేరు దాచి వసూలు చేయడం నాకు నచ్చదు. ఇచ్చేవాడికి తను దేనికి ఇస్తున్నాడో తెలియాలి. రేపెవరైనా "నేను ఆస్పత్రి బెడ్డుకనుకుని ఇచ్చాను" అంటే ఏం చెప్తారు? ఇంకో మాట. నిధికి 80జీ, అంటే ఇచ్చినవాళ్లకి ఆదాయపు పన్ను మినహాయింపు వచ్చే గుర్తింపు ఉన్నా, రెండు వేలు దాటిన నగదు విరాళానికి ఆ మినహాయింపు రాదు. పెద్ద మొత్తాలు చెక్కుగానో ఆన్‌లైన్‌లోనో తీసుకోండి.

చీమకుర్తి స్లాబు

అక్కా, మీరు వచ్చారు కాబట్టి ఇది కూడా అడుగుతాను. రాత్రుళ్లు నిద్రపట్టడం లేదు. ఒక ఓనరు గారు పెద్ద మొత్తం ఇస్తానన్నారు. షరతేందంటే, మేము క్యాంపు పెట్టి ఆయన లేబర్ అందరికీ పరీక్ష చేయించాలి, ఫలితాలు ఆయనకి చెప్పాలి. లేబర్‌లో సగం మంది ఒడిశా, బీహార్ కుర్రాళ్లు. ఆ డబ్బుతో పిల్లలకి ఏడాది ఫీజులు కట్టేయొచ్చని కమిటీలో కొందరు మెత్తబడ్డారు.

సంతపేట అక్క

వద్దు. ఎంత ఇచ్చినా వద్దు.

2017లో హెచ్‌ఐవీ చట్టం వచ్చింది, 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉంది. ఆ మనిషి ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు. ఫలితం అతనిది, అతను రాసి ఇస్తే తప్ప ఇంకొకరికి చెప్పకూడదు. హెచ్‌ఐవీ ఉందని పనిలోంచి తీసేయకూడదు, పనిలో పెట్టుకోవడానికి పరీక్ష అడగకూడదు. ఆ ఓనరు గారికి ఇది మర్యాదగా చెప్పండి. పరీక్ష ఎక్కడ ఉచితంగా చేస్తారో లేబర్‌కి వాళ్ల భాషలో చెప్పి, వెళ్లడానికి ఒక పూట జీతం కోయకుండా సెలవివ్వమనండి. అది చేస్తే చాలు, ఆయన ఒక్క రూపాయి ఇవ్వకపోయినా పెద్ద సాయం చేసినట్టే.

రాత్రి తొమ్మిది

ఎప్పుడూ చదివి వెళ్లిపోతాను, ఈరోజు రాస్తున్నాను. నేను రోజూ రాత్రి తొమ్మిదింటికి మాత్ర వేసుకుంటాను. పదకొండేళ్లయింది. నా భర్త లేరు. మా బాబుకి హెచ్‌ఐవీ లేదు. కడుపుతో ఉన్నప్పుడే పరీక్షలో తెలిసింది, మందులు వాడాను. మందులు లేకపోతే బిడ్డకి సోకే అవకాశం నూటికి పదిహేను నుంచి నలభై అయిదు దాకా ఉంటుందని, సరిగ్గా వాడితే అయిదు లోపే ఉంటుందని అప్పుడు కౌన్సెలర్ మేడం చెప్పారు. ఆ మాట పట్టుకునే బతికాను.

మీరు పేరు పెట్టాలా వద్దా అని కొట్లాడుకుంటున్నారు. నాకు జరిగింది చెబుతాను. ఒక ఊళ్లో, ఒక సంఘం వాళ్లు డిసెంబరు ఒకటిన, ఎయిడ్స్ దినం అని మమ్మల్ని పిలిచి బియ్యం బస్తాలు ఇచ్చారు. మంచి మనసుతోనే ఇచ్చారు. బస్తా పట్టుకుని నిలబడమన్నారు, వెనక బ్యానరు ఉంది. ఫొటో వాట్సాప్‌లో తిరిగింది. నాలుగో రోజు ఇంటి ఓనరమ్మ ఖాళీ చేయమంది. బాబుని స్కూల్లో వెనక బెంచీలో విడిగా కూర్చోబెట్టారు. ఆ ఊరు వదిలేసి వచ్చాం. ఆ బియ్యం నెలన్నర కూడా రాలేదు.

అందుకని మీ నిధి పేరు మీ రసీదు మీద, మీ బ్యానరు మీద రాసుకోండి, పెద్ద అక్షరాలతో రాసుకోండి, నాకు సంతోషమే. ఆ పేరుని మా గుమ్మం దాకా మాత్రం తీసుకురావద్దు. స్టిక్కరున్న ఆటోలో పప్పులు దించొద్దు. మా వీధిలో ఎవరికీ ఎవరూ ఊరికే పప్పులు దించరు, ఒక్క ఇంటికే వస్తే అందరూ అడుగుతారు.

ఇంకొకటి. నాకు ఎయిడ్స్ లేదండీ. హెచ్‌ఐవీ ఉంది. మందులు వేసుకోక ఒంట్లో జబ్బుల్ని తట్టుకునే శక్తి బాగా పడిపోయినప్పుడు వచ్చేది ఎయిడ్స్. నా రక్తంలో వైరస్ పరీక్షకి కూడా అందనంత తక్కువగా ఉందని చెప్పారు. అట్లా ఉన్నవాళ్ల నుంచి లైంగికంగా ఇంకొకరికి సోకదు. రసీదు మీద ఎయిడ్స్ అని చూసి జనం పుస్తకం వెనక్కి ఇస్తున్నారంటే, వాళ్ల కళ్ల ముందు ఇంకా ఆ రోజుల్లో మంచం పట్టిన మనుషులే ఉన్నారు. హెచ్‌ఐవీ అని రాయండి. అడిగినవాళ్లకి నాలాంటివాళ్లు పనికి పోతున్నారని, పిల్లల్ని చదివించుకుంటున్నారని చెప్పండి.

లారీ టాప్

అమ్మా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మా బండ్ల వాళ్ల వల్ల ఎన్ని ఇళ్లు ఇట్లా అయ్యాయో నాకు తెలుసు. క్షమించు తల్లీ.

రసీదు లెక్క

ఆమె చెప్పింది లెక్కల్లో కూడా పాటించాలి. తీసుకునేవాళ్ల పేర్లు కమిటీ మొత్తానికి కనపడకూడదు. రిజిస్టరులో నంబర్లే రాయండి. ఏ నంబరు ఎవరిదో చెప్పే పుస్తకం ఒక్కరి దగ్గర, తాళం వేసిన బీరువాలో ఉండాలి. ఆడిట్ చేసేవారికి అవసరమైతే అక్కడే చూపించి మళ్లీ తాళం వేయండి. సరుకులకు బదులు డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో వేస్తే ఆటో గొడవే ఉండదు. బదిలీ వివరం రాసే చోట కూడా హెచ్‌ఐవీ అని రాయకండి, పాస్‌బుక్ పక్కవాళ్లు కూడా చూస్తారు.

క్వారీ రోడ్డు

ఆ తల్లి రాసింది చదివాక నేను ఊరుకోలేకపోతున్నా. ఆ ఫొటో తీసినవాళ్లు చేసింది తప్పు.

దుమ్ము విషయంలో నా మాట మీదే ఉన్నాను. దానికి ఈ నిధిలోంచి అడగను, వచ్చే సంఘం మీటింగులో విడిగా పెడతాను. అక్క చెప్పినట్టు అది మా జేబులోంచే రావాలి. మా యూనిట్‌లో ఇంకా రెండు చోట్ల పొడి కటింగ్ జరుగుతోందని ఒప్పుకుంటున్నాను. పుస్తకం ఈసారి తెస్తే తీసుకుంటా తమ్ముడూ. కాకపోతే మా గేటు దగ్గర అందరి ముందూ తెరవొద్దు, ఆఫీసు గదిలోకి రా. అందరికీ చెప్పే ధైర్యం నాకింకా రాలేదు.

చీమకుర్తి స్లాబు

అన్నా, గదిలోకే వస్తాను.

కమిటీతో రాత్రి మాట్లాడాను. రసీదు మీద ‘హెచ్‌ఐవీ కుటుంబాల సహాయ నిధి’ అని వేయడానికి ముగ్గురు ఒప్పుకున్నారు, ఇద్దరు ఇంకా ఒప్పుకోలేదు. వెనక వైపు పరీక్ష గురించి రెండు ముక్కలు, 1097 హెల్ప్‌లైన్ నంబరు వేయిస్తాం. సరుకులు ఆపి ఖాతాల్లో వేయడానికి అందరూ సరేనన్నారు. క్యాంపు షరతు పెట్టిన ఓనరు గారికి నేనే వెళ్లి చెప్పాను. ఆయన డబ్బు ఇవ్వనన్నారు. ఆ లోటు పూడ్చాలి కాబట్టి ఈ ఆదివారం ఇంకో రోడ్డు కూడా తిరగాలి, నేనొక్కణ్ణే చాలను.

రాత్రి తొమ్మిది అక్కా, అచ్చుకి ఇచ్చే ముందు ఆ వెనక రాసే రెండు ముక్కలు ఇక్కడ పెడతాను. మీరు చూసి ఏ మాట గుచ్చుకుంటే ఆ మాట తీసేయమనండి.

లారీ టాప్

ఆదివారం ఏడింటికి చీమకుర్తి బస్టాండులో ఉంటా. లారీ ఆఫీసులన్నీ నాకు వదిలెయ్యి.