అద్దెవాళ్లు ఖాళీ చేస్తున్నారు, పెయింట్ ఖర్చు అడ్వాన్స్‌లో పట్టుకోవచ్చా?

కొత్త_ఓనర్:
మా రెండో ఇంట్లో నాలుగేళ్లుగా ఉంటున్నవాళ్లు వచ్చే నెలాఖరుకి ఖాళీ చేస్తున్నారు. అద్దె ఏనాడూ ఆలస్యం చేయలేదు, మనుషులు మంచివాళ్లే. మొన్న వెళ్లి చూస్తే హాలు గోడలకి బోలెడు మేకుల రంధ్రాలు, వంటగది పెయింట్ జిడ్డుపట్టి రంగు మారింది, బెడ్‌రూమ్‌లో బాత్‌రూమ్ వైపు గోడ కింద చెమ్మ, నల్లగా బూజు, పెయింట్ పొక్కులు లేచి రాలుతోంది. ఒక తలుపు కింద చెక్క పగిలింది. ఇల్లంతా పెయింట్ వేయించి ఆ ఖర్చు మొత్తం అడ్వాన్స్‌లో పట్టుకోమని మా అన్నయ్య అంటున్నాడు. నాకు మనసొప్పట్లేదు, అలాగని అంతా నేనే భరించాలా అనీ ఉంది. మీరైతే ఏం చేస్తారు? ఇంకోటి, కొత్తవాళ్లకి అద్దె ఎంత పెంచొచ్చు?

మూడు_వాటాలు:
అన్నయ్య మాట వినకండి. మనుషులు కాపురం ఉంటే పెయింట్ మాసిపోతుంది, నేల గీతలు పడుతుంది, ట్యాప్ వాషర్ అరిగిపోతుంది, అదంతా వాడకం వల్ల వచ్చే అరుగుదల, దానికే కదా నెలనెలా అద్దె తీసుకుంటున్నాం. పగలగొట్టింది, కాల్చింది, చెప్పకుండా మార్చేసింది వేరు, అది వాళ్లు కట్టాలి. తలుపు ఆ లెక్కలోకి రావచ్చు, కానీ పాత తలుపు పగిలితే కొత్త తలుపు ధర మొత్తం అడగకూడదు. పెయింట్ ఐదేళ్లు ఆగుతుందనుకుంటే, వాళ్లు చేరేముందే వేయించినా నాలుగేళ్లు అయిపోయాయి, మిగిలింది ఐదో వంతు. ఆ వంతు కోసం మాసిన గోడలు చూపించి గొడవపడతారా? మేకుల రంధ్రాలు పుట్టీతో పోతాయి. మీ ఊరి అద్దె చట్టం, మీ అగ్రిమెంట్ ఏం చెప్తున్నాయో కూడా ఒకసారి చూసుకోండి.

పైపుల_పని:
తలుపు సంగతి తర్వాత, ముందు ఆ చెమ్మ చూడండి. దాన్ని వదిలేసి పైన పెయింట్ వేస్తే డబ్బు నీళ్లపాలు, కొన్నాళ్లకే మళ్లీ పొక్కులు. ఇంట్లో ట్యాపులన్నీ కట్టేసి నీళ్ల మీటర్ రీడింగ్ రాసుకుని, గంట తర్వాత మళ్లీ చూడండి. కదిలిందంటే ఎక్కడో లీకవుతున్నట్టే. ఫ్లష్ ట్యాంకులో కొంచెం రంగు కలిపి చూడండి, ఫ్లష్ కొట్టకుండానే కిందకి రంగు దిగితే లీకు అక్కడే. మీటర్ కదలకపోయినా డ్రైన్ పైపు, టైల్స్ సందులు మిగిలే ఉంటాయి, వాటిలోంచి కారేది మీటర్‌కి తెలియదు. గోడ మీద ప్లాస్టిక్ షీట్ అంచులన్నీ టేపుతో అంటించి ఒకట్రెండు రోజులు ఉంచండి. షీట్ లోపలివైపు తడి చేరితే నీళ్లు గోడలోంచి వస్తున్నాయి, బయటివైపు చేరితే గాలిలో తేమ ఎక్కువై గోడకి పట్టేస్తోంది, కిటికీ, ఎగ్జాస్ట్ ఫ్యాను సంగతి చూడాలి. పక్కన స్విచ్‌బోర్డు ఉందా? ఉంటే ఇవేవీ ఆగినా ఎలక్ట్రీషియన్ ఆగకూడదు.

కొత్త_ఓనర్:
స్విచ్‌బోర్డు ఆ గోడకి లేదండి. మీటర్ మాత్రం తిరుగుతోంది 😐 పోయిన ఏడాది చెమ్మ అని వాళ్లు చెప్పగానే మనిషిని పంపించా, అతను పైన సిమెంట్ పూసి అయిపోయిందని చెప్పి వెళ్లిపోయాడు.

అద్దెకుండేవాణ్ణి:
అద్దెవాళ్ల వైపు నుంచి చెప్తా. వాళ్లు అప్పుడే చెప్పారు కాబట్టి చెమ్మ గోడ ఖర్చు వాళ్ల ఖాతాలో వేయడం అన్యాయం. దాచిపెట్టి గోడ మొత్తం పాడయ్యాక చెప్పుంటే వేరే మాట. తలుపుకి పట్టుకోవాలంటే పట్టుకోండి, కానీ వాళ్లు ఉండగానే ఒకసారి కలిసి ఇల్లంతా తిరిగి చూడండి, బాగు చేయించుకునే అవకాశం ఇవ్వండి, లేదంటే బిల్లు చూపించి అంతే తగ్గించండి. మాకు ఒళ్లు మండేది డబ్బు తగ్గినందుకు కాదు, "చూసి చెప్తా" అని ఓనర్ ఫోన్ ఎత్తడం మానేసినందుకు. మేము కొత్తింటికి అడ్వాన్స్ కట్టాల్సింది ఆ డబ్బుతోనే. ఇంకా, కొత్తవాళ్లకి ఇల్లు చూపించడానికి వచ్చేటప్పుడు ముందురోజే ఫోన్ చేసి రండి. ఇల్లు మీదే కావొచ్చు, ఉంటున్నది వాళ్లు.

మూడు_వాటాలు:
అద్దె గురించి ఎవరూ చెప్పలేదు. చుట్టుపక్కల అలాంటి ఇళ్లకి ఎంత ఇస్తున్నారో కనుక్కుని ఆ దరిదాపుల్లోనే పెట్టండి. ఎక్కువ చెప్పి కూర్చుంటే ఇల్లు ఖాళీగా ఉంటుంది, నెల ఖాళీ అంటే ఏడాది అద్దెలో పన్నెండో వంతు, ఎనిమిది శాతం పైనే పోయినట్టు. 5 శాతం ఎక్కువ అద్దె కోసం ఒక నెల ఖాళీగా పెడితే ఆ నెల తిరిగి రాబట్టడానికి 20 నెలలు పడుతుంది. అందుకే నేనైతే టైముకి కట్టి ఇల్లు శుభ్రంగా ఉంచేవాళ్లకి బయట రేటు కన్నా కాస్త తక్కువకే ఇస్తాను, తెలిసినవాళ్లు నవ్వుతారు, నవ్వనీండి.

కొత్త_ఓనర్:
సరే, పెయింట్ నా ఖర్చే. లీకు పట్టుకుని గోడ ఆరాకే వేయిస్తా. తలుపు గురించి ఈ ఆదివారం వాళ్లతో మాట్లాడతా, పట్టీ వేస్తే సరిపోతుందంటే పైసా పట్టుకోను. కొత్తవాళ్లు చేరేటప్పుడు ఏమేం రాసుకోవాలి?

మూడు_వాటాలు:
గది గదికీ వీడియో, తలుపుల వెనక, సింక్ కింద కూడా. కరెంట్, నీళ్ల మీటర్ రీడింగులు, తాళాలు ఎన్ని ఇచ్చారో, ముందే ఉన్న పగుళ్లు, మరకలు. ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకాలు పెట్టి చెరో కాపీ ఉంచుకోండి. ఏ రిపేరు ఎవరిదో కూడా అందులోనే తేల్చేయండి, బల్బులు వాళ్లవి, పైపులు, వైరింగ్ మీవి, ఇలా.